ఎడమచేతి గీతలు

ఆ ఏడాది మా ఇంట్లో పనీపాటా లేనివాళ్ళం ఇద్దరమే. పరీక్ష తప్పిన నేను, పక్షవాతం వచ్చిన తాతయ్య.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. ఇద్దరూ తెల్లారగానే డబ్బాలు సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నానమ్మకి వంటిల్లే లోకం. అందులో ఇంకొకళ్ళు కాలు పెడితే ఊరుకునేది కాదు. ఇక మిగిలింది మేమిద్దరం, ముందుగది, వీధివైపు కిటికీ. అద్దె ఇల్లే, రెండో అంతస్తు. కిటికీలోంచి చూస్తే ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టలు, కింద సైకిళ్ళ షాపు కనిపించేవి. "తాతయ్యని కాస్త కనిపెట్టుకుని ఉండు" అని అమ్మ రోజూ నాకు చెప్పి వెళ్ళేది. "పిల్ల దిగాలుగా ఉంది, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని తాతయ్యకీ చెప్పేదట. ఆ సంగతి మాకు చాలాకాలం తర్వాత గానీ తెలియలేదు.

తాతయ్య పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పంపులో ఉండే ప్రతి ముక్కనీ, ఏ చిల్లు ఎంత, ఏ వంపు ఎంత అని కొలతలతో సహా కాగితం మీద గీసివ్వడం ఆయన పని. ఆ కాగితం చూసుకుంటూ కింద మిషన్ల దగ్గర ఇనుము కోసేవాళ్ళు. ఆయన గీతకి వెంట్రుకవాసి తేడా ఉండదని పేరు. అలాంటి మనిషికి కుడిచెయ్యి పడిపోయింది. కాలు కొంచెం కోలుకుంది. మాట తిరిగొచ్చింది, కాకపోతే నెమ్మదిగా. చెయ్యి మాత్రం ఎవరో ఇచ్చి మళ్ళీ తీసుకెళ్ళడం మర్చిపోయిన వస్తువులా ఒళ్ళో ఉండిపోయింది.

వ్యాయామం చేయించడానికి ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి వచ్చేది. "ఇక ఎడమచేతికి అలవాటు చెయ్యాలి తాతగారూ. బంతి నొక్కండి, అక్షరాలు దిద్దండి, గీతలు గీయండి" అని ఒక రబ్బరు బంతీ పెన్సిలూ ఇచ్చి వెళ్ళింది. బంతి మంచం కిందకి దొర్లిపోయింది. పెన్సిలు ఊసు ఆయన ఎత్తలేదు, అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

నా సంగతి అంతకంటే గొప్పగా ఏం లేదు. కాలేజీ ఆఖరి పరీక్షలో లెక్కలు నన్ను ముంచాయి. స్నేహితురాళ్ళంతా గట్టెక్కి తలోదారి పట్టారు. నేను మళ్ళీ అదే పుస్తకం ముందేసుకుని, దాని అంచుల్లో ఆడవాళ్ళ కళ్ళు గీస్తూ కూర్చునేదాన్ని. పెద్దపెద్ద కళ్ళు, వంకీలు తిరిగిన రెప్పలు. చిన్నప్పట్నుంచీ అందరిచేతా శభాష్ అనిపించుకున్న కళ్ళవి.

ఒకరోజు తాతయ్య కుర్చీలోంచి మెడ సాచి చూశాడు.

"ఎవరి కన్ను అది, పుల్లమ్మా?"

సన్నగా ఉంటానని నన్నలా పిలిచేవాడు.

"ఎవరిదీ కాదు. ఊరికే."

"అనుకున్నా. ఎవరిదీ కాదు కాబట్టే అది దేన్నీ చూడట్లేదు."

నాకు ఒళ్ళు మండింది. లెక్కలు రావన్నారు, ఒప్పుకున్నాను. కళ్ళు కూడా రావంటే ఎలా?

"అయితే ఏం గీయమంటావు?"

తాతయ్య గడ్డంతో గది మూలకి చూపించాడు. అక్కడ చేతులు కడుక్కునే తొట్టి, దాని మీద పాత ఇత్తడి కొళాయి. రెండు నిమిషాల్లో గీసి ఆయన ముఖం ముందు పెట్టాను. అడ్డంగా ఒక గొట్టం, పైన పిడి, కింద మూతి, మూతి నుంచి జారుతున్న నీటిబొట్టు కూడా.

ఆయన కొళాయి వంకా కాగితం వంకా మార్చి మార్చి చూశాడు. "కొళాయి అనే మాట ఉంది కదా, దాన్ని గీశావు. ఆ మూలనున్నదాన్ని గీయలేదు. దాని పిడి నిటారుగా ఉందా? ఎన్నాళ్ళనుంచో ఎడమకి వాలిపోయి ఉంది. రోజూ దాన్ని తిప్పేది నువ్వే కదా!"

చూశాను. వాలి ఉంది. మూతి దగ్గర పచ్చగా చిలుము. గోడలో దిగినచోట కట్టిన గుడ్డపీలిక. రోజూ తిప్పే కొళాయే. ఆ రోజుకి ముందు నేను దాన్ని ఎప్పుడూ చూడనే లేదు.

కానీ ఒప్పుకోబుద్ధి కాలేదు. "చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది. నువ్వు గీసి చూపించు" అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తాతయ్య నా ముఖంలోకి చూశాడు. తర్వాత చొక్కా జేబులోంచి పెన్సిలు తీశాడు. అన్నాళ్ళూ అది ఆయన జేబులోనే ఉందన్నమాట!

కాగితం కింద పెట్టిన అట్టని కదలకుండా నేను పట్టుకున్నాను. ఆయన ఎడమచెయ్యి కాగితం మీద పాకడం మొదలుపెట్టింది. సిరాలో పడ్డ చీమ బయటపడటానికి తంటాలు పడుతున్నట్టుంది. గొట్టం అనుకున్నది బంగాళాదుంప అయింది. పిడి దానికి మొలిచిన కొమ్ము అయింది. నవ్వు ఆపుకోవాలని పెదవి కొరుక్కున్నాను, ఆగలేదు. ఫక్కున నవ్వేశాను. తాతయ్య కాగితాన్ని దూరంగా పెట్టుకుని చూసుకున్నాడు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడి తొంగిచూస్తే, నవ్వుతున్నాడు! ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. నానమ్మ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి ఇద్దర్నీ చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి మాకు అదే పని అయింది.

పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు గీసేవాళ్ళం. ఒకటే కొళాయి, రోజూ. "నిన్ననే గీశాం కదా తాతయ్యా" అంటే, "నిన్నటి వెలుగు ఇవాళ ఉందా?" అనేవాడు. కాగితం వంక చూడకుండా, కన్ను వస్తువు అంచు మీద ఎంత నెమ్మదిగా పాకితే చెయ్యి కాగితం మీద అంత నెమ్మదిగా పాకాలని ఒక నియమం పెట్టాడు. తీరా చూసుకుంటే కొళాయి ఒకచోట, దాని పిడి మైలు దూరంలో ఉండేవి. కుర్చీని గీయమంటే నేను కుర్చీని గీస్తే ఒప్పుకునేవాడు కాదు. "కుర్చీని వదిలెయ్. కాళ్ళ మధ్య ఉన్న ఖాళీలు గీయి. ఖాళీలు సరిగ్గా వస్తే కుర్చీ దానంతటదే వచ్చి నిలబడుతుంది." పిచ్చిమాటలా అనిపించింది. గీశాక చూస్తే కుర్చీ నిజంగానే వచ్చి నిలబడింది. నేను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, పరుగెత్తుకెళ్ళి నానమ్మకి చూపించాను.

తాతయ్యకి గీయడం తెలుసు. చెయ్యి వినదు. నా చెయ్యి వింటుంది. నాకు చూడటం తెలీదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి లెక్క. అలాగని ఆయన నన్ను గెలవనిచ్చేవాడు కాదు. నాకంటే బాగా గీయాలని పంతం. నేను చూడనప్పుడు నా కాగితం వంక దొంగచూపులు చూసేవాడు. ఒకసారి పట్టుకుంటే, "ఈగ వాలింది, తోలుతున్నా" అన్నాడు.

ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ ప్రతి బొమ్మ కిందా కుడి మూలలో ఒక చిన్న పెట్టె గీయించేవాడు. అందులో వస్తువు పేరు, గీసినవారు, సరిచూసినవారు. గీసినవారు మేమే. మరి సరిచూసేదెవరు? నానమ్మని పిలిచాడు. నానమ్మ కొంగలా మెడ సాచి, ఆ రోజు గీసిన గ్లాసు బొమ్మని కాసేపు చూసి, "గ్లాసు పడిపోయేట్టుంది. ఎవరైనా పట్టుకోండి" అని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆ పదవి ఆవిడదే. దయాదాక్షిణ్యం లేకుండా చేసేది. నా బొమ్మకి ఒక మాట, ఆయన బొమ్మకి ఒక మాట. ఇద్దరికీ ఒకటే తూకం. మళ్ళీ దిద్దాకే ఆ పెట్టెలో ఆవిడ పేరు రాయాలి.

కొన్ని నెలలు గడిచేసరికి తాతయ్య బంగాళాదుంప కొళాయిలా కనిపించసాగింది. గీత వణికేది. కానీ వణుకుతూనే ఉండాల్సినచోట ఉండేది. వ్యాయామం చేయించే అమ్మాయి చూసి నోరు వెళ్ళబెట్టింది.

అప్పుడొచ్చాడు స్కేలు బాబాయి. తాతయ్య దగ్గర పని నేర్చుకున్నవాడు. చేతిలో స్కేలు లేకుండా గీత గీయడం చేతకాదని తాతయ్యే పెట్టిన పేరు అది. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలో గీసేవాళ్ళందరికీ పెద్ద. పళ్ళ బుట్ట పట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విప్పి, గురువుగారు అంటూ భక్తిగా వచ్చాడు. మంచివాడే. గోడకి గుచ్చిన మా బొమ్మలు చూశాడు.

"ఇవి పాపవా సార్?"

"అటువైపువి దానివి. ఇటువైపువి నావి."

బాబాయి ముఖం ఒక్కసారి మారిపోయింది. వెంటనే సర్దుకుని, చిన్నపిల్లలతో మాట్లాడే గొంతుతో, "భలే ఉన్నాయి సార్! మీకు మంచి కాలక్షేపం. ఇలాగే వేస్తూ ఉండండి, మనసుకి హాయిగా ఉంటుంది" అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. తాతయ్య చూశాడు.

మర్నాడు ఆయన పెన్సిలు ముట్టలేదు. ఆ మర్నాడూ అంతే. కుర్చీని కిటికీ నుంచి గోడవైపు తిప్పించుకున్నాడు. "రా తాతయ్యా" అంటే, "నువ్వు వేసుకో అమ్మా" అనేవాడు. పుల్లమ్మా అనడం కూడా మానేశాడు. ఒక్కదాన్నే గీస్తుంటే నాకూ ఏదీ కుదిరేది కాదు. అట్టకి అవతల కూర్చునే మనిషి లేక బల్ల కూడా బోసిపోయింది.

అమ్మ బతిమాలింది. నాన్న కోప్పడ్డాడు. తాతయ్య గోడవంకే చూస్తూ కూర్చున్నాడు.

ఒక ఉదయం నానమ్మ వంటింట్లోంచి వచ్చి, గోడ మీద నుంచి ఒక కాగితం ఊడదీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన సగంలో వదిలేసిన కుర్చీ బొమ్మ అది.

"దీని వెనక కాలు ఇంకా గాల్లోనే ఉంది. మొన్ననే చెప్పాను. ఎప్పుడు దిద్దుతారు?"

"ఇప్పుడెందుకే అదంతా? వదిలెయ్."

"ఎలా వదిలేస్తాను? సరిచూసినవారు అని కింద నా పేరు ముందే రాసేసింది మీరే కదా! తప్పున్న కాగితం మీద నా పేరుంటే నేను ఒప్పుకోను. దిద్దండి, లేకపోతే నా పేరు కొట్టేయండి."

తాతయ్య ఆవిడ వంక చూశాడు. నానమ్మ ముఖంలో జాలి లేదు, నవ్వు లేదు. కొట్లో తూకం తక్కువ వేస్తే నిలదీసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆయన నా వైపు తిరిగి, "పుల్లమ్మా, అట్ట పట్టుకో" అన్నాడు.

నేను ఎంత వేగంగా లేచానంటే స్టూలు వెనక్కి పడిపోయింది.

కుర్చీ కాలు నేలమీదకి దిగాక తాతయ్యకి కొత్త ఆలోచన వచ్చింది. "వస్తువులు చాలు. మనిషిని గీద్దాం."

ఆయన జీవితమంతా గీసింది ఇనుమే. మనిషిని ఎప్పుడూ గీయలేదట. ఇంట్లో ఉన్న మనిషి నానమ్మ ఒక్కతే. కూర్చోమంటే, "మీకు పనిలేకపోతే నాకూ లేదా? గుడ్లప్పగించి చూస్తారా నన్ను? సిగ్గులేకపోతే సరి!" అని కసిరింది. దాంతో ఆవిడ పని చేసుకుంటూ ఉండగానే గీయాల్సి వచ్చింది. మా కుర్చీలు వంటింటి గుమ్మానికి ఎదురుగా వేసుకున్నాం. కదిలే మనిషిని గీయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వీపు గీసేలోపల వంగేది. వంగింది కదా అని గీస్తే లేచేది. "ముక్కూ మొహం ఇప్పుడొద్దు. బరువు ఏ కాలి మీదుందో అది చూడు. ఒక్క గీతలో పట్టుకో" అనేవాడు తాతయ్య. కాగితాల నిండా తలల్లేని నానమ్మలు, చేతుల్లేని నానమ్మలు.

ఒక మధ్యాహ్నం ఆవిడ బల్ల దగ్గర నిలబడి చిక్కుళ్ళు తరుగుతోంది. ఇద్దరం గీశాం. గీశాక కాగితాలు పక్కపక్కన పెట్టుకోవడం మాకు అలవాటు.

"తాతయ్యా, నువ్వు తప్పు వేశావు. కత్తి ఎడమచేతిలో పెట్టావు చూడు."

"అరె, అవునే! నా చెయ్యి ఎడమది కదా, అందుకని…" అంటూ దిద్దడానికి పెన్సిలెత్తి, వస్తువుని ఇంకోసారి చూడటం అలవాటు కొద్దీ నానమ్మ వంక చూశాడు. నేనూ చూశాను.

కత్తి ఆవిడ ఎడమచేతిలోనే ఉంది.

ఎడమచేత్తో టకటకా తరిగేస్తోంది. తప్పు వేసింది నేను. కత్తి అంటే కుడిచెయ్యి అని నాకు నేనే అనుకుని వేసేశాను. తాతయ్య కన్ను చూసింది, చెయ్యి గీసింది. మనిషికి మాత్రం ఇంకా తెలీలేదు!

"ఏమోయ్, నీది ఎడమచేతి వాటమా?"

నానమ్మ తరగడం ఆపకుండానే, "తెలిసిందా? త్వరగానే తెలిసింది" అంది.

వాళ్ళ పెళ్ళయి నలభై ఏళ్ళు దాటింది.

తాతయ్య ఎత్తిన పెన్సిలు దించేశాడు. నానమ్మే చెప్పింది. చిన్నప్పుడు బడిలో ఎడమచేత్తో రాస్తే వేళ్ళమీద కొట్టేవాళ్ళట. రాతా, తిండీ కుడిచేతికి మారాయి. కత్తీ కత్తెరా సూదీ మాత్రం మారనని మొండికేశాయి. "వంటింట్లో నా చెయ్యి ఎవరు చూడొచ్చారు? మీ ముఖానికి ఎప్పుడూ పేపరు అడ్డం."

"మరి నేను ఇన్నాళ్ళూ ఎడమచేత్తో కిందామీదా పడుతుంటే ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"తప్పెక్కడుందో చెప్పమన్నారు, చెప్పాను. చెయ్యి ఎలా పెట్టాలో ఎవరడిగారు?"

తాతయ్య ఒక్క క్షణం తల దించుకున్నాడు. తర్వాత బుద్ధిగా, నేను ఆయన్ని అడిగినట్టే, "ఎలా పెట్టాలి?" అని అడిగాడు.

నానమ్మ చేతులు తుడుచుకుని వచ్చింది. ఆయన కాగితాన్ని ఎప్పట్లాగే ఎడమవైపుకి వాల్చి పెట్టుకున్నాడు. ఆవిడ దాన్ని కుడివైపుకి వాల్చింది. "పెన్సిల్ని తోస్తున్నారు. తొయ్యకండి, లాగండి. ఇటువైపు నుంచి అటు. మోచెయ్యి ఎందుకలా ఎగరేస్తారు? బల్లమీద ఆన్చండి." ఆయన చెయ్యి మీద తన చెయ్యి వేసి ఒక గీత లాగించింది. బారుగా, ఒక్క వణుకు లేకుండా వచ్చింది. ముగ్గురం ఆ గీత వంక చూస్తూ ఉండిపోయాం. పొయ్యి మీద ఏదో మాడిన వాసన వచ్చాక గానీ ఆవిడ కదల్లేదు.

ఆ తర్వాత తాతయ్య గీసిన నానమ్మలన్నీ చేతులే. చిక్కుడు ఈనె తీసే చేతులు, దుప్పటి మడిచే చేతులు, సూదిలో దారం ఎక్కించే చేతులు. ఆవిడ ఎప్పట్లాగే తప్పులు పట్టింది. బొటనవేలు లావుగా ఉందనీ, గాజు ఎక్కువైందనీ. కానీ తరిగేటప్పుడు కాస్త వెలుగు వైపు జరిగి నిలబడేది. మేము గమనించలేదనుకునేది.

ఆ ఏడాది చివర లెక్కలు మళ్ళీ రాశాను. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. అదే రోజుల్లో అమ్మ పనిచేసే ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు, కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని నేర్చుకునే మనిషి కావాలంటున్నారని చెప్పాడట. వెళ్ళాను. ల్యాబు యజమానురాలు ఒక పన్ను నమూనా, మైనం ముద్ద, చిన్న చాకు ఇచ్చి, "ఇలాంటిది చెక్కు" అని తన పనిలో పడింది. కాసేపటికి వచ్చి చూస్తే నేనింకా పన్ను వంక చూస్తూనే ఉన్నాను. చేతకాక కూర్చున్నాననుకుంది. "రాకపోతే చెప్పెయ్యమ్మా, టైము వేస్టు" అంది. "చూస్తున్నానండీ" అన్నాను. మధ్యాహ్నానికి చెక్కి ఇస్తే, కళ్ళజోడు సవరించుకుని తిప్పి తిప్పి చూసి, "సోమవారం నుంచి రా" అంది.

చిత్రకారిణిని కాలేదు నేను. ఎన్నో ఏళ్ళుగా పళ్ళు చేస్తున్నాను. మనిషికీ మనిషికీ పన్ను ఎంత తేడాగా ఉంటుందో, ముందుపన్ను మీద వెలుగు ఎక్కడ వాలి ఎక్కడ జారుతుందో నాకు తెలుసు. ఎవరైనా నవ్వితే వాళ్ళ నోట్లోకి చూస్తానని మావారు ఇప్పటికీ తిడతారు. తాతయ్య ఆ తర్వాత నాలుగైదేళ్ళు బతికాడు. చివరిదాకా గీశాడు. స్కేలు బాబాయి మళ్ళీ వచ్చినప్పుడు ఈసారి గోడమీద చేతుల బొమ్మల్ని ఒక్కొక్కటిగా దగ్గరికెళ్ళి చూశాడు. ఒకటి ఇస్తారా అని అడిగాడు. నానమ్మ ఇవ్వనంది.

నాకు తరచూ గుర్తొచ్చేది మాత్రం ఆ సోమవారం ఉదయం. కొత్త చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే తాతయ్య, "నేనూ వస్తా" అన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన మెట్లు దిగింది లేదు. ఆ రోజు డిపోకి సెలవు పెట్టిన నాన్న ఒకవైపు పట్టుకుంటే, ఎడమచేత్తో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, సైకిళ్ళ షాపు దాటి బస్‌స్టాప్ దాకా వచ్చాడు. బెంచీ మీద కూర్చుని ఆయాసపడ్డాడు. బస్సొచ్చింది. గుంపులో తోసుకుంటూ ఎక్కాను. కొత్త పని, కొత్త మనుషులు. ఆ ధ్యాసలో నాకు ఇంకేదీ పట్టలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బల్లమీద ఒక కాగితం ఉంది. వెళ్ళిపోతున్న బస్సు వెనకభాగం, ఒరిగిన చక్రం, వేలాడుతున్న మనుషులు. ఒక కిటికీలోంచి ఒకమ్మాయి తల బయటికి పెట్టి వెనక్కి చూస్తోంది.

"నేను వెనక్కి చూడలేదే తాతయ్యా" అన్నాను.

"చూశావు" అన్నాడు పెన్సిలు చెక్కుకుంటూ. "మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నావు."